పార్కిన్సన్స్ ఉన్న మీ నాన్నగారికి ధ్యాస ఎందుకు నిలవడం లేదు

అమ్మా, మీరు పటమట నుంచి రాసిన వివరాలన్నీ రెండుసార్లు చదివాను. విజయవాడ డివిజన్‌లో రైల్వే సెక్షన్ కంట్రోలరుగా చేసి రిటైరైన మీ నాన్నగారికి 68 ఏళ్లని, ఆరేళ్లుగా పార్కిన్సన్స్ ఉందని, మందులతో చేతి వణుకు చాలావరకు అదుపులోనే ఉందని రాశారు. అయితే గత ఎనిమిది నెలలుగా ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నారని, పేపరు చదువుతుండగా ఎవరైనా పలకరిస్తే తడబడుతున్నారని, ఫోనులో కరెంటు బిల్లు కట్టబోయి ఓటీపీ గడువు దాటిపోయేసరికి విసుగొచ్చి వదిలేశారని మీ బాధ. ఇది అల్జైమర్స్‌కు మొదలేమోనని మీరు భయపడుతున్నారు. ఆయన కావాలనే వినిపించుకోవడం లేదని మీ అమ్మగారు అంటున్నారు. చూసిన డాక్టరుగారు చిన్న పరీక్ష పెట్టి, 30కి 28 వచ్చాయి కనుక ఏమీ లేదన్నారు. గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా నరాల వైద్యం చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ మూడింటిలో ఏదీ సరైనది కాకపోవచ్చు. మనిషిని చూడకుండా రోగం పేరు చెప్పడం తగదు కాబట్టి, మీ నాన్నగారికి ఫలానాది ఉందని నేను తేల్చడం లేదు. కానీ మీరు వర్ణించిన తీరు మాకు బాగా పరిచయమైనదే.

ఆయన చేసిన ఉద్యోగంతోనే మొదలుపెడతాను. సెక్షన్‌లో అనేక బండ్లు ఒకేసారి నడుస్తుండగా ఏ గూడ్సును ఎక్కడ లూప్ లైనులో నిలపాలో, వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్‌కు ఎప్పుడు దారి ఇవ్వాలో, చెవిలో ఒక స్టేషను మాస్టరు మాట్లాడుతుండగానే చార్టు మీద గీత గీస్తూ నిర్ణయించవలసిన పని అది. దానికి జ్ఞాపకశక్తి ఒక్కటే చాలదు. ఇప్పుడు దేన్ని పట్టించుకోవాలి, దేన్ని కాసేపు పక్కన పెట్టాలి, ఒకదాని నుంచి మరొకదానికి ఎప్పుడు మళ్లాలి అనే పెత్తనం మెదడులో సరిగా సాగాలి. పార్కిన్సన్స్‌లో చాలామందికి ముందుగా సడలేది ఈ పెత్తనమే. స్టేషన్ల పేర్లు, మనుమల పుట్టినరోజులు, 1980లలో పట్టాలు తప్పిన ఒక గూడ్సు బండి కథ, అన్నీ ఆయనకు గుర్తుంటాయి. రెండు పనులు ఒకేసారి మీద పడినప్పుడే చిక్కు వస్తుంది.

ఎందుకిలా అవుతుందంటే, మెదడు అడుగుభాగాన నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలోని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. వణుకు, బిగుసుకుపోవడం, నడక నెమ్మదించడం బయటికి కనబడే నాటికే ఆ కణాల్లో సుమారు సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ నశించి ఉంటాయి. ఆ డోపమైన్ చేరే కేంద్రాలు కదలికలను నడిపే భాగంతో ఎలా ముడిపడి ఉన్నాయో, నుదుటి వెనకనుండి ఆలోచనకు క్రమం పెట్టే భాగంతోనూ అలాగే ముడిపడి ఉన్నాయి. కాబట్టి చేయి నెమ్మదించిన మనిషికి ఆలోచన కూడా కొంత నెమ్మదించడంలో వింత లేదు. దీనికి తోడు, ధ్యాసను మెలకువగా నిలిపే అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం కూడా ఈ జబ్బులో తగ్గుతుంది. ఒంట్లో డోపమైన్‌గా మారే లెవోడోపా మాత్ర దాన్ని భర్తీ చేయలేదు.

మా రోగుల ఇళ్లలో ఎవరికీ తట్టని సంగతి ఇంకొకటుంది. ఆరోగ్యవంతులకు నడవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోవడం ధ్యాస పెట్టకుండానే జరిగిపోతాయి. అలవాటు పనులను అలా తమంతట తాముగా జరిగేట్టు చూసే యంత్రాంగమే పార్కిన్సన్స్‌లో దెబ్బతింటుంది కనుక, ఈ మనిషి ప్రతి అడుగునూ తలచుకుని వేయాలి, ప్రతి గుండీనీ తలచుకుని పెట్టాలి. జీతంలో ముప్పాతిక భాగం ఇంటి అద్దెకే పోతే మిగిలిన దానితో నెల ఎలా గడుస్తుందో, ఈయన ధ్యాస కూడా అలాగే గడుస్తుంది. మీ నాన్నగారు వంటింటి గడప దాటుతున్న సమయంలోనే మీ అమ్మగారు పాలవాడి లెక్క అడిగితే, ఆయన దగ్గర ఆ క్షణంలో ఇవ్వడానికి ఏమీ మిగిలి ఉండదు. అడుగు అయినా ఆగాలి, జవాబు అయినా ఆగాలి.

30కి 28 సంగతి చెప్పాలంటే, మా వైపు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన, పార్కిన్సన్స్ ఉన్న ఒక పెద్దాయనను తలచుకోవాలి. వేలం జరుగుతుండగానే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, ఏ ధర, కమీషన్ ఎంత అన్నది నోటితోనే తేల్చిన మనిషి. నా గదిలో కూర్చుని తేదీ, వారం, ఊరు తడుముకోకుండా చెప్పారు, నేనిచ్చిన మూడు మాటలనూ ఐదు నిమిషాల తర్వాత గుర్తుపెట్టుకుని చెప్పారు. అప్పుడు కాగితం ఇచ్చి, గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నాను. గుండ్రం బాగానే గీశారు, అంకెలు చిన్నవైనా వరుసగా వేశారు, చిన్న ముల్లు 11 దగ్గర పెట్టారు. పెద్ద ముల్లు 2 దగ్గరికి పోవాలి కదా, ‘పది’ అన్న మాట చెవిన పడింది కాబట్టి చెయ్యి 10 అంకె వైపే పోయింది. కాసేపు కాగితం వైపే చూసి, “ఎక్కడో తప్పుందండీ, ఎక్కడన్నదే అందడం లేదు” అన్నారు. ఆ తర్వాత ఒక అంకె, ఒక అక్షరం చొప్పున 1, అ, 2, ఆ, 3, ఇ అంటూ కలుపుతూ పొమ్మంటే, 2, ఆ దాకా సరిగా వచ్చి, అక్కడి నుంచి 3, 4, 5 అని అంకెల వెంటే వెళ్లిపోయారు. చివరికి వరండాలోకి తీసుకెళ్లి, నడుస్తూ నూరులోంచి ఏడు చొప్పున తీసేయమన్నాను. కుర్చీలో కూర్చుని అదే లెక్క గబగబా చెప్పిన మనిషి, నడుస్తూ 93 అన్నారు, 86 దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయాయి, 79 అన్నాకే మళ్లీ అడుగు కదిలింది. వెంట వచ్చిన ఆయన భార్య, “మరి పలకకపోతే పొగరనుకున్నానండీ” అన్నారు.

మీ డాక్టరుగారు పెట్టినది బహుశా తేదీ, ఊరు, మూడు మాటలు, చిన్న లెక్క ఉండే పాత పరీక్ష అయి ఉంటుంది. అది అల్జైమర్స్ లాంటి జ్ఞాపకశక్తి లోపాలను పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, ధ్యాసనూ పనుల క్రమాన్నీ అంతగా తడమదు. 1817లో ఈ జబ్బును మొదట వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ సైతం ఇంద్రియాలకూ బుద్ధికీ ఏమీ కాదనే రాశాడు. ఆయన వర్ణించినది ఆరుగురిని మాత్రమే, అందులోనూ కొందరిని వీధిలో ఎదురైనప్పుడు చూసినదే. ఆ మాట మా వృత్తిలో చాలాకాలం నిలిచిపోయింది కనుక, కాళ్లూ చేతులూ చూసి పంపేయడం మాకు అలవాటైంది. ఈ తప్పులో నాకూ వాటా ఉంది, మొదటి కొన్నేళ్లు నేనూ అడిగేవాణ్ణి కాదు. మీరు మళ్లీ వెళ్లినప్పుడు ‘మోకా’ అనే పరీక్ష తెలుగులో చేయించమని అడగండి. గడియారం గీయడం, అంకెలూ అక్షరాలూ కలపడం అందులో ఉంటాయి, చదువును బట్టి మార్కులను సవరించి చూస్తారు.

అల్జైమర్స్‌కూ దీనికీ ఉన్న తేడాను ఇంట్లో కూడా కొంతవరకు గమనించవచ్చు. నిన్న ఎవరొచ్చారని అడిగితే మీ నాన్నగారు చెప్పలేకపోయినా, “మన బావగారి వైపు వాళ్లు, స్వీటు పొట్లం తెచ్చారే” అని చిన్న ఆధారం అందిస్తే చటుక్కున పేరు చెబుతున్నారా? అయితే సంగతి లోపల భద్రంగానే ఉంది, వెతికి తీయడం నెమ్మదించింది. అల్జైమర్స్ మొదలైన మనిషికి సంగతి లోపల సరిగా పడనే పడదు కనుక, ఆధారం ఇచ్చినా తరచుగా ప్రయోజనం ఉండదు. ఇది తిరుగులేని గుర్తు కాదు, రెండు జబ్బులూ కలిసి ఉండేవారూ ఉంటారు. అయినా మొదటి వడపోతకు ఇది బాగా పనికొస్తుంది.

మీ అమ్మగారి అనుమానానికి కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకండి. ఉదయం పదింటికి మీ బాబాయిగారితో రైల్వే రోజుల గురించి అరగంట హుషారుగా మాట్లాడిన మనిషి, సాయంత్రం నాలుగింటికి “టీ తాగుతారా” అన్న ప్రశ్నకు పలకకపోతే ఎవరికైనా అది బెట్టులాగే తోస్తుంది. కానీ ఈ జబ్బులో ధ్యాస గంట గంటకూ మారుతుంది. మాత్ర పనిచేస్తున్న గంటల్లో ఒకలా, దాని ప్రభావం తగ్గిన గంటల్లో మరొకలా ఉంటుంది. పైగా ముఖ కండరాలు బిగుసుకుని హావభావాలు తగ్గిపోవడం వల్ల, లోపల వింటూ ఉన్నా పైకి వినని వాడిలా కనిపిస్తారు. తనంతట తానుగా ఏ పనీ మొదలుపెట్టాలనిపించకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే, సోమరితనం కాదు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ఇదంతా జబ్బు ముదరడమేనని తీర్మానించే ముందు ఆయన మందుల పెట్టె మొత్తం విప్పి చూడాలి. మన ప్రాంతంలో ఒక డాక్టరు రాసిన చీటీతో మందుల షాపులో ఏళ్ల తరబడి అవే మాత్రలు కొనడం మామూలు. వణుకు కోసం ఎప్పుడో రాసిన ట్రైహెక్సిఫెనిడిల్ ఆ చీటీలో ఉందేమో చూడండి. వణుకును తగ్గించే ఆ మందే, నేను పైన చెప్పిన అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది కనుక, అరవై దాటినవారిలో మతిమరుపునూ అయోమయాన్నీ తెస్తుంది. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే కొన్ని మాత్రలు, జలుబుకూ దురదకూ వాడే నిద్రమత్తు మాత్రలు, నిద్రకోసం ఇచ్చే మత్తు బిళ్లలు కూడా ఇలాగే అయోమయాన్ని తెస్తాయి. పార్కిన్సన్స్‌కే ఇచ్చే అమాంటడిన్ అనే మందు కొందరికి లేనిపోనివి కనిపించేలా చేస్తుంది. ఆ గుమాస్తాగారికి నేను కొత్త మందేదీ రాయలేదు. ట్రైహెక్సిఫెనిడిల్‌ను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి మానిపించాను, రెండు నెలలకు ఆయన మళ్లీ ఇంటి ఖర్చుల పుస్తకం తెరిచారు. అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. ముఖ్యంగా లెవోడోపా హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం, శరీరం కొయ్యబారడం వచ్చి ప్రాణానికే ముప్పు కావచ్చు.

రెండోది బీపీ. పార్కిన్సన్స్‌లో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం చాలా సాధారణం, ఆ కొద్ది నిమిషాలూ మెదడుకు రక్తం చాలక మనిషి మందంగా అయిపోతాడు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాసి పెట్టుకుని డాక్టరుకు చూపించాలి. ఎప్పుడో మొదలైన బీపీ మాత్ర ఇప్పుడు ఎక్కువై ఉండవచ్చు. కడుపునిండా భోజనం చేశాక ఇది మరింత పడిపోతుంది. మన విజయవాడ ఎండలు మీకు నేను చెప్పేదేముంది, రోహిణి కార్తెలో ఇంట్లో కూర్చున్నా ఒంట్లో నీరు ఇగిరిపోతుంది. పార్కిన్సన్స్ ఉన్నవారు దాహం సంగతి పట్టించుకోరు, బాత్రూముకు లేవాలని నీళ్లు కూడా తక్కువ తాగుతారు. మజ్జిగ గ్లాసు గంట లెక్కన చేతికి అందించవలసిందే.

థైరాయిడ్, బీ12, రక్తంలో సోడియం పరీక్షలు ఒకసారి చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో బీ12 తగ్గుతుంది. చెవులు, కంటి శుక్లాలు, రాత్రి నిద్ర, మనసులో దిగులు, వీటినీ అడిగి చూడాలి. నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఉంటే అదీ చెప్పండి, అది ఈ జబ్బుకు సంబంధించినదే.

లెవోడోపా మోతాదు పెంచితే ఆలోచన కూడా చురుకవుతుందా అని అడిగారు. చేతులకూ కాళ్లకూ ఇచ్చినంత మేలు అది ఆలోచనకు ఇవ్వదు, కొన్ని రకాల ఆలోచనకు ఎక్కువ మోతాదు చెరుపే చేస్తుంది. బంధువులెవరో దూలగొండి గింజల పొడి ఇమ్మన్నారని రాశారు. అది పనికిరానిదని నేను అనను, ఆ గింజల్లో ఉన్నది లెవోడోపాయేనని 1937లోనే గుర్తించారు. చిక్కు అక్కడే ఉంది. ఒక చెంచాలో ఎంత మందు ఉందో తెలియని పొడిని, లెక్క ప్రకారం వేసుకుంటున్న మాత్రల పైన కలిపితే రెట్టింపు మోతాదు అయి, భ్రమలు, వికారం, బీపీ పడిపోవడం మొదలవుతాయి. డాక్టరుకు చెప్పకుండా మాత్రం వద్దు.

పార్కిన్సన్స్‌తో డిమెన్షియా దాకా, అంటే ఆలోచన కుదరక రోజువారీ పనులు చేసుకోలేని స్థితి దాకా వచ్చినవారికి రివాస్టిగ్మిన్ అనే మందు ఉంది. అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా అది కాపాడుతుంది, అమెరికాలో 2006లో ఈ అవసరానికి దానికి అనుమతి ఇచ్చారు. కొందరిలో ధ్యాస నిలకడగా మెరుగవుతుంది, కొందరికి వాంతులు, వణుకు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. క్యాప్సూల్ పడనివారికి చర్మం మీద అంటించే పట్టీ ఉంది. ఇవ్వడానికి ముందు గుండె లయ చూసుకోవాలి. మీ నాన్నగారు ఇంకా ఆ దశలో ఉన్నారని మీ రాతను బట్టి నాకనిపించడం లేదు.

ఇంట్లో మార్చవలసినవి చిన్నవే గానీ ఫలితం ఎక్కువ. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయండి. ఎదురుగా వచ్చి, పేరుతోనో వరుసతోనో పిలిచి, ఆయన మీ వైపు చూశాక ఒక్క సంగతి మాత్రమే అడగండి. అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. మనమంతా మూడు లెక్కపెట్టకముందే అదే ప్రశ్నను మరో మాటల్లో మళ్లీ అడుగుతాం. అప్పుడు ఆయన సగం కట్టుకున్న జవాబు కూలిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. “మధ్యాహ్నం ఏం వండమంటారు” అనే కంటే “పప్పా, పులుసా” అనడం మేలు. నడిచేటప్పుడు మాట్లాడించవద్దు, మెట్ల మీద అసలే వద్దు. ఏదైనా చెప్పాలనుకుంటే నిలబడి చెప్పమనండి. స్నానం, మాత్రలు, పేపరు, నడక రోజూ ఒకే వరుసలో, ఒకే వేళకు జరిగితే వాటి కోసం ఆలోచన ఖర్చు కాదు. మాత్రలకు ఫోనులో అలారం పెట్టండి. పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానకండి. భోజనాల హాల్లో బాండు మేళం పక్కన కాకుండా ఒక మూల ఇద్దరు పాత సహోద్యోగుల మధ్య కూర్చోబెడితే ఆయన మాట వేరుగా ఉంటుంది. రోజూ అరగంట చెమట పట్టేలా వ్యాయామం చేస్తే ఆలోచనకూ మేలు జరుగుతుంది. గళ్ల నుడికట్లు ఇష్టమైతే పూరించమనండి, ఇష్టం లేకపోతే బలవంతపెట్టి మార్కులు వేయకండి.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయవద్దు. నెలల మీద వచ్చిన మార్పు వేరు, రెండు మూడు రోజుల్లో మనిషి అయోమయంలో పడిపోవడం వేరు. రెండోది చాలాసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఇలాంటి కారణాలతో వస్తుంది, వెంటనే చూపిస్తే చాలావరకు తగ్గుతుంది. ఇక ఇంట్లో లేని పిల్లలో, పిల్లులో కనిపిస్తున్నాయని ఆయన అంటే గాలి సోకిందని తాయెత్తులు కట్టించడంతో ఆగిపోకుండా నరాల డాక్టరుకు చెప్పండి. ఆసుపత్రిలో ఎవరైనా హాలోపెరిడాల్ ఇంజెక్షన్ గానీ, వాంతులకు మెటోక్లోప్రమైడ్ గానీ ఇవ్వబోతే, “ఆయనకు పార్కిన్సన్స్ ఉందండీ” అని గట్టిగా చెప్పాలి. అవి డోపమైన్‌ను అడ్డుకుని మనిషిని కొయ్యబారుస్తాయి. ఈ మందులు ఇవ్వకూడదని వాటి పేర్లతో ఒక కార్డు మీద రాసి ఆయన జేబులో పెట్టండి.

ముందు ముందు ఏమవుతుందని మీరు అడగలేదు గానీ, అడగాలనుకున్నది అదేనని నాకు తెలుసు. డిమెన్షియా లేని పార్కిన్సన్స్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఇలాంటి తేలికపాటి లోపం కనిపిస్తుంది. వారిలో కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు, కొందరికి మరుసటి పరీక్షలో మామూలుగా వస్తుంది, కొందరికి డిమెన్షియాగా ముదురుతుంది. వయసు, జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందన్నది ఎక్కువ ప్రభావం చూపుతాయి. చేతులు వణకడం వల్ల కాక, కేవలం ఆలోచన కుదరకపోవడం వల్ల రోజువారీ పనులు చేసుకోలేని స్థితి వచ్చినప్పుడే డిమెన్షియా అనే పేరు వాడతాం.

బ్యాంకు వ్యవహారాలు మీ చేతుల్లోకి తీసుకోవాలా అన్నది మీ చివరి ప్రశ్న. లాక్కోవద్దు. ఓటీపీ గడువు ఆయన వేగానికి సరిపోవడం లేదంతే, ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయనకు తెలుసు. పక్కన కూర్చుని అంకెలు మీరు నొక్కండి, ఎంత కట్టాలో ఆయన చెప్పనివ్వండి. ఖాతాను మీ అమ్మగారితో కలిపి జాయింటుగా మార్చండి. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుంది కనుక, చెక్కు వెనక్కి రాకముందే బ్యాంకుకు వెళ్లి సంతకం కొత్తగా నమోదు చేయించండి. పోలీసులమంటూ తొందరపెట్టే మోసపు ఫోన్లకు నెమ్మదిగా ఆలోచించేవారు త్వరగా లొంగుతారు కాబట్టి, తెలియని నంబరు ఎత్తవద్దని ఒక నియమం పెట్టుకోండి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి పార్కిన్సన్స్ మాత్రలు వాడుతుంటే పేకాట, అనవసరపు కొనుగోళ్ల మీద కొత్తగా మోజు పుట్టిందేమో మీరే గమనించాలి, ఆయనగా చెప్పరు. స్కూటరు తాళం మాత్రం ఈ వారమే తీసి దాచండి. బెంజి సర్కిల్ దగ్గర నాలుగు వైపుల నుంచి వచ్చే బండ్లను కనిపెడుతూ బ్రేకు మీద కాలు ఉంచడం ఇప్పుడు ఆయన చేయవలసిన పని కాదు. ఆ మాట మీరు చెప్పడం కంటే డాక్టరు చేత చెప్పించడం నయం.